విరిగిన మెట్టుకు పూర్తి రక్షణ

పంచదార డబ్బాకు మూత పెట్టనిదెవరు? ఆమధ్య ఒక పొద్దున మా ఇంట్లో గొడవ దీని గురించే. చీమలు బారులు తీరి డబ్బాలోకి నడుస్తున్నాయి. మా వారు టీ కప్పు పట్టుకుని వాటికేసి చూస్తున్నారు. మా అత్తగారు హాల్లో తన కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పడానికి సిద్ధమవుతున్నారు.

ఇదివరకైతే ఈ గొడవ మూత దగ్గర మొదలై, మా పుట్టింటిదాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఆగి, మళ్ళీ మూత దగ్గరికి తిరిగొచ్చేది. ఈసారి అలా జరగలేదు. వంటిల్లు నా ఆధీనంలో ఉన్న స్థలం కనుక అందులో జరిగే నష్టానికి మొదటి బాధ్యత నాదేనని మా వారు నెమ్మదిగా సెలవిచ్చారు. డబ్బా తెరిచినప్పుడు వంటింట్లో ఉన్నది తమరే కనుక ఆ కాసేపూ ఆ స్థలం తమ ఆధీనంలో ఉన్నట్టేనని నేను అంతకంటే నెమ్మదిగా మనవి చేశాను. చీమలు మన ఇంటివా, లేక బయటినుంచి వచ్చిన థర్డ్ పార్టీయా అని మా అత్తగారు అడిగారు.

చూశారా! ఒక కేక లేదు, ఒక కన్నీటి బొట్టు లేదు. ఈలోగా టీలు చల్లారిపోయాయి, పంచదారంతా చీమలపాలైంది. అది వేరే సంగతి.

అందుకే ధైర్యంగా చెప్తున్నాను. ఈ మధ్యకాలంలో మనుషులకు దక్కిన వరాలన్నింటిలోకీ గొప్పది లయబిలిటీ ఇన్సూరెన్స్! వాషింగ్ మెషీన్ కూడా దాని తర్వాతే. వాషింగ్ మెషీన్ బట్టలకంటిన మురికిని మాత్రమే వదిలిస్తుంది. ఇది మనిషికంటిన బాధ్యతను వదిలిస్తుంది.

ఈ జ్ఞానం మాకెలా అబ్బిందో చెప్పాలంటే ముందు మా వారి కొట్టు గురించి చెప్పాలి.

మా వారిది కళ్ళజోళ్ళ కొట్టు. అద్దెకు తీసుకున్న చిన్న గది. ఒక గోడకు అక్షరాల చార్టు, ఇంకో గోడకు ఫ్రేముల అద్దాల బీరువా, మధ్యలో గుండ్రంగా తిరిగే కుర్చీ, కౌంటరు మీద మొహం చూసుకునే అద్దం. గుమ్మం ముందు ఒకే ఒక్క మెట్టు. ఆ మెట్టు కుడివైపు మెట్టులాగే ఉంటుంది. ఎడమవైపు మాత్రం విరిగి, అరిగి, గుంటపడి, ఇది మెట్టా పల్లమా అన్న అనుమానం కలిగిస్తుంది.

ఒక్కసారి ఆలోచించండి. కళ్ళజోళ్ళ కొట్టుకు ఎవరొస్తారు? కళ్ళు సరిగ్గా కనపడనివాళ్ళు! అదీ, ఉన్న జోడు విరగ్గొట్టుకుని, ముక్కలు జేబులో వేసుకుని!

అందుకని మా వారికి ఒక అలవాటుండేది. గుమ్మంలో నీడ పడగానే, చేస్తున్న పని మీదినుంచి తలెత్తకుండా, "మెట్టు జాగ్రత్తండీ" అనేవారు. చేతిలో సూదంత స్క్రూడ్రైవరు, కంటికి భూతద్దం, నోట్లో ఈ మాట. వచ్చేవాళ్ళకూ అలవాటైపోయింది. మాట చెవిన పడగానే కాలు కాస్త ఎత్తి, కుడివైపుకు జరిపి వేసేవారు. కళ్ళతో కాకుండా చెవులతో ఎక్కే మెట్టు అది. ఈయన మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చినప్పుడు గదిలోకి నేనెళ్ళినా నిద్రలోనే "మెట్టు జాగ్రత్తండీ" అనేవారంటే మీరే ఊహించుకోండి.

మరి మెట్టు బాగుచేయించుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. మీరు ఎప్పుడూ అద్దెకు ఉండి ఉండరు! కట్టడంలో చిన్న మార్పు చేయాలన్నా బిల్డింగ్ ఓనరుగారి రాతపూర్వక అనుమతి ఉండాలని అగ్రిమెంటులో ఉంది. మా వారు అగ్రిమెంటు తిరగరాసిన ప్రతిసారీ అడిగేవారు. ఓనరుగారు ప్రతిసారీ చూద్దాం అనేవారు. ఆయన చూసేవారు కూడా. అద్దె కోసం వచ్చినప్పుడల్లా మెట్టును శ్రద్ధగా చూసి, కుడివైపునుంచి ఎక్కి, కుడివైపునుంచే దిగి వెళ్ళేవారు.

ఈసారి మాత్రం ఓనరుగారు మనసు పెట్టారు. మెట్టు మీద ఎవరైనా పడితే ఎలాగన్న దిగులు ఆయనకూ పట్టుకుందట. విని మా వారు పొంగిపోయారు. సిమెంటు ఏ రంగులో వేయిద్దామా అని ఆలోచిస్తూండగా ఓనరుగారు అసలు సంగతి చెప్పారు. మెట్టు బాగుచేయించరు. మా వారే లయబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. అందులో ఓనరుగారి పేరు కూడా చేర్చాలి. పాలసీ చేతికొస్తేనే అగ్రిమెంటు తిరగరాస్తారు. లేకపోతే కొట్టు ఖాళీ చేయాలి.

ఎంత ముందుచూపో చూడండి! సిమెంటు వేస్తే ఒక మెట్టే బాగుపడుతుంది. ఇన్సూరెన్స్ తీసుకుంటే ఎన్ని మెట్లైనా నిశ్చింతగా విరగొచ్చు.

ఇక పాలసీ ఇచ్చేవాడి కోసం మేము ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయింది. మా తమ్ముడే ఇన్సూరెన్స్ ఏజెంటు. చిన్నప్పుడు ఇంట్లో ఏ గాజుగ్లాసు పగిలినా, చప్పుడు వినపడీ పడకముందే "నేను కాదు" అనేవాడు. అలాంటివాడు ఇంకే ఉద్యోగంలో రాణిస్తాడు?

వాడు బ్యాగు తగిలించుకుని కొట్టుకొచ్చాడు. అద్దెకొట్లో ఎవరికైనా దెబ్బ తగిలినా, మన వల్ల బిల్డింగుకు నష్టం జరిగినా కంపెనీ కట్టుకుంటుందని చెప్పాడు. అంతవరకు మంచిదే కదా? నేనూ మంచిదే అనుకున్నాను. ఆ తర్వాత వాడు కొట్టంతా కలియతిరిగి ప్రమాదాలు వెతకడం మొదలుపెట్టాడు.

తిరిగే కుర్చీ చూశాడు. కూర్చున్నవాళ్ళకు కళ్ళు తిరిగితే? అక్షరాల చార్టు చూశాడు. చివరి వరుస చదవలేక ఎవరైనా మనస్తాపం చెందితే? కౌంటరు మీద అద్దం చూసి మరీ కంగారుపడ్డాడు. చాన్నాళ్ళ తర్వాత సరైన పవరు పెట్టుకుని మొహం స్పష్టంగా చూసుకున్న మనిషికి గుండె ఆగితే? కొత్త జోడు పెట్టుకుని ఇంటికెళ్ళి భార్యను మొదటిసారి సరిగ్గా చూసినవాడి సంగతేమిటని నేను అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, అది కొట్టు బయట జరిగే నష్టమని, మన పాలసీ కిందికి రాదని చెప్పాడు.

ఆ రోజు నుంచి ఇన్సూరెన్స్ మీద నాకు గురి కుదిరింది. లోకంలో ఇంతమంది ఏ రక్షణా లేకుండా ఎలా తిరుగుతున్నారా అని భయం కూడా వేసింది. వీధి చివర నిలబడి "రానీ, రానీ, ఇంకా రానీ" అంటూ ఇతరుల కార్లు గోడలకు గుద్దించే పెద్దమనుషులున్నారు. వాళ్ళకు పాలసీ ఉందా? "ఎంతో దూరం లేదమ్మా, ఇలా వెళ్ళి అలా తిరగడమే" అని దారి చెప్పేవాళ్ళకు? జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే నీకు బాగుంటుందని సలహా ఇచ్చిన మా పిన్నికి? ఆ సలహా విన్న మా ఇంకో పిన్ని ఇప్పటికీ ఈ పిన్నితో మాట్లాడదు. అదే పాలసీ ఉండుంటే ఇద్దరూ కంపెనీ ద్వారా ఉత్తరాలు రాసుకుంటూ ఎంత సఖ్యంగా ఉండేవారో!

సరే, మెట్టు దగ్గరికొద్దాం. మా తమ్ముడు దాన్ని చూసి ఏమీ అనలేదు. మా వారు "మెట్టు జాగ్రత్తండీ" అనడం విని మాత్రం నుదురు కొట్టుకున్నాడు.

"బావా, ఆ మాట ఇంకెప్పుడూ అనకండి" అన్నాడు.

ఎందుకంటే, జాగ్రత్త అన్నామంటే మెట్టు బాగాలేదని మనకు ముందే తెలుసని ఒప్పుకున్నట్టట. తెలిసీ వదిలేశారంటే కంపెనీ చేతులు దులుపుకుంటుందట. తెలియనట్టు ఉండాలట. మరి తెలియనట్టు ఊరుకుంటే ఎవరైనా పడరా అని మా వారు అడిగారు. పడితే పడతారు, అప్పుడు పాలసీ ఉంది కదా అన్నాడు వాడు. మాటలో ఎంత స్పష్టత! నాకు ఒక్క క్షణం నిజంగానే తల తిరిగింది. కుర్చీలో కూర్చోకుండానే.

జాగ్రత్త చెప్పడానికి బదులు వాడే ఒక పసుపుపచ్చ బోర్డు తెచ్చి గుమ్మం పక్కన తగిలించాడు. నోటితో చెప్తే ఒప్పుకోలు, బోర్డు పెడితే నివారణ చర్య. లోపలికొచ్చేవాళ్ళ భద్రతకు వాళ్ళదే బాధ్యతని దాని మీద చిన్న చిన్న అక్షరాలతో నాలుగు వరుసలున్నాయి. కొట్టులోకి వచ్చేవాళ్ళలో ఒక్కరూ దాన్ని చదవలేకపోయారు. కొత్త జోడు పెట్టుకుని బయటికి వెళ్ళేవాళ్ళు మాత్రం ఆగి, నాలుగు వరుసలూ తప్పుల్లేకుండా చదివి, పవరు సరిగ్గా కుదిరిందని సంతోషించి వెళ్ళేవారు.

ఇంకో షరతు కూడా ఉంది. ప్రమాదమంటూ జరిగితే, మనది తప్పని ఎట్టి పరిస్థితుల్లోనూ అనకూడదు. పొరపాటైందని అనకూడదు. అయ్యో అనవచ్చా అని నేనడిగాను. అయ్యో అనకపోవడమే మంచిదని మా తమ్ముడన్నాడు. "మీ వివరాలు ఇవ్వండి" అనాలి. అంతే.

మా వారు రెండు మాటలనూ ఇంట్లో సాధన చేశారు. ఒకటి అనకుండా ఉండటానికి, ఇంకొకటి అనడానికి. మొదటిదే కష్టమైంది. గుమ్మంలో నీడ పడినప్పుడల్లా పెదవులు విచ్చుకునేవి, తమాయించుకుని దగ్గేవారు. కొట్టులో దగ్గు ఎక్కువైంది.

పాలసీ అమల్లోకొచ్చేసింది. మిగిలిన కాగితాల మీద ఆఖరి సంతకాలు పెట్టేరోజు నేను భోజనం డబ్బా పట్టుకుని కొట్టుకు వెళ్ళాను. కౌంటరు ఇవతల మా తమ్ముడు, అవతల మా వారు. నేను బీరువా పక్కన నిలబడి డబ్బా విప్పుతున్నాను. గుమ్మంలో నీడ పడింది.

వెనక సందులో ఉండే టైలరమ్మ. మా వారు ఈ కొట్టు తెరిచిన కొత్తలోనే మొదటి జోడు చేయించుకున్నావిడ. ఆవిడ రెండు కళ్ళ పవరూ ఈయనకు కంఠతా వచ్చు. సూదిలో దారం ఎక్కించలేకపోయిన ప్రతిసారీ నేరుగా మా వారి దగ్గరికే వస్తారు. ఆ రోజు జోడు కీలు ఊడిపోయి, చేతిలో పట్టుకుని వచ్చారు.

మెట్టు ముందు ఆగారు. మామూలుగా ఆగే చోటే ఆగారు. ఒక్క క్షణం చెవి ఇటు పెట్టారు. నేను చూశాను. మా వారి పెదవులు విచ్చుకున్నాయి. మా తమ్ముడు కాగితాల మీదినుంచి వేలెత్తాడు. మా వారు నోరు మూసుకున్నారు.

ఏమీ వినపడకపోయేసరికి, మెట్టు బాగుచేశారనుకున్నారో ఏమో, ఆవిడ కాలు ఎడమవైపు వేశారు.

పడ్డారు. కుడిచేయి కింద ఆనించి పడ్డారు.

మా వారు కౌంటరు దాటి వెళ్ళారు. వంగబోతుంటే మా తమ్ముడు ఆపాడు. ఆవిడను కదపకముందే పడిన చోటు ఫోటో తీయాలట. మా వారు సగం వంగి అలాగే నిలబడిపోయారు. వాడు మెట్టును ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ ఫోటో తీశాడు. పాపం ఆ మెట్టు, పుట్టాక దాన్ని ఒకరు అంత శ్రద్ధగా పట్టించుకోవడం అదే మొదటిసారి. నేను డబ్బా కింద పెట్టి వెళ్ళి ఆవిడను లేపి తిరిగే కుర్చీలో కూర్చోబెట్టాను. నాకు పాలసీ గురించి అప్పటికి పూర్తిగా తెలియదు కనుక కంపెనీవారు క్షమించాలి.

ఆవిడ మణికట్టు అప్పుడే వాస్తోంది. అది పట్టుకుని, మా వారు నిలబడ్డ వైపు మొహం తిప్పి అడిగారు.

"గొంతు బాగాలేదా బాబూ?"

"మీ వివరాలు ఇవ్వండి" అన్నారు మా వారు.

ఇన్నేళ్ళ కాపురంలో మా వారి గొంతు అలా రావడం నేనెప్పుడూ వినలేదు. మా వారికి తెలియని వివరాలు ఆవిడ దగ్గర ఏమున్నాయి గనక?

ఇక్కడినుంచి చూడండి, ఇన్సూరెన్స్ ఎంత చక్కగా పనిచేసిందో!

సాయంత్రానికే ఓనరుగారు ఫోన్ చేశారు. పాలసీలో తన పేరు ఉందో లేదో అడిగి, ఉందని తెలిశాక, దేవుడు చల్లగా చూశాడన్నారు. ఎవరు పడ్డారని మాత్రం అడగలేదు. ఆయన పేరు భద్రంగా ఉన్నప్పుడు ఇంకెవరి పేరుతో ఆయనకేం పని? అగ్రిమెంటు తిరగరాస్తానని కూడా మాటిచ్చారు.

ఈ దెబ్బతోనైనా మెట్టు కట్టించేద్దామని మా వారు అన్నారు. ఇప్పుడు అసలు ముట్టుకోకూడదని మా తమ్ముడన్నాడు. మెట్టు ఇప్పుడు మెట్టు కాదు, సాక్ష్యం! కేసు తేలేదాకా అది ఎలా విరిగిందో అలాగే విరిగి ఉండాలి. ఊరికే విరిగి ఉన్నన్నాళ్ళూ దానికి దిక్కులేదు. ఒక మనిషిని పడేశాక దానికి రక్షణ దొరికింది. మా వీధిలో ఇంత భద్రంగా ఉన్న వస్తువు ఇంకోటి లేదు.

టైలరమ్మ మణికట్టు ఎముక చిట్లిందన్నారు డాక్టరు. కుడిచేతికి కట్టు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశారని, ఒప్పుకున్న బట్టలన్నీ పక్క సందు టైలరుకు పంపేశారని నాకు తెలిసింది. చూడటానికి వెళ్దామంటే, వెళ్ళడం కూడా ఒక రకంగా ఒప్పుకోవడమేనని మా తమ్ముడు ఆపాడు. మా వారు ఇంట్లో మాట్లాడటం తగ్గించేశారు. మధ్యాహ్నం నిద్రలో కూడా ఏమీ అనడంలేదు.

నా సంగతి చెప్పాలా? బాధ్యత అంటే నెత్తిన వేసుకునేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చదువుకుని ఏం లాభం? అది ఇంకొకరికి అప్పజెప్పేదని మా తమ్ముడు చెప్పేదాకా తెలియలేదు. ఓనరుగారు మా వారికి అప్పజెప్పారు, మా వారు కంపెనీకి అప్పజెప్పారు, కంపెనీ దాన్ని పరిశీలిస్తోంది. కట్టు కట్టించుకున్న చేయి మాత్రం టైలరమ్మ ఎవరికీ అప్పజెప్పలేకపోయారు. ఆవిడ పాలసీ తీసుకోలేదు కదా!

నిన్న ఆదివారం. మా తమ్ముడు భోజనానికొచ్చాడు. నలుగురం కూర్చున్నాం. క్లెయిము ఎంతవరకొచ్చిందో వాడు కూర కలుపుకుంటూ చెప్పాడు. మెట్టు గురించి ఆవిడకు ముందుగా చెప్పారా అని కంపెనీ అడిగిందట. చెప్పలేదని రాస్తే నిర్లక్ష్యం. చెప్పామని రాస్తే అబద్ధం. ఇదివరకు చెప్పేవాళ్ళమని రాస్తే ఒప్పుకోలు. ఈ మూడూ కాని జవాబు ఒకటి తయారుచేస్తున్నానని, బావ సంతకం పెడితే చాలని అన్నాడు.

మా వారు తింటున్న చేయి ఆపారు.

"రేపు కొట్టు తెరవను. టైలరమ్మగారింటికి వెళ్ళి, తప్పు నాదని చెప్పి వస్తాను. వచ్చాక ఆ మెట్టు పగలగొట్టి కొత్తది కట్టిస్తాను."

ఏ కూర వండమంటారని అడిగితే నీ ఇష్టం అనే మనిషి! చొక్కా రంగు కూడా నన్నడిగి కొనే మనిషి! ఎవరినీ అడగకుండా ఒక నిర్ణయం ప్రకటించారు. ఇది ఇన్సూరెన్స్ మహిమ కాకపోతే మరేమిటి?

మా తమ్ముడి ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. తప్పు నాదంటే కంపెనీ పక్కకు తప్పుకుంటుందని, మెట్టు ముట్టుకుంటే ఓనరు కొట్టు ఖాళీ చేయిస్తాడని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చివరికి అసలు బాణం వేశాడు.

"ఆవిడకి వచ్చే డబ్బు కూడా రాదు బావా."

"చేయి బాగయ్యేదాకా ఆవిడ ఖర్చు నేను చూసుకుంటాను. ఆవిడ నన్ను డబ్బడగలేదురా. గొంతు బాగాలేదా అని అడిగింది. దానికి మీ కంపెనీ ఏం జవాబు రాస్తుంది?"

వాడు ముద్ద కంచంలో పెట్టేశాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, వాడి నోటి నుంచి "నేను కాదు" అన్న మాట రాకపోవడం అదే మొదలు. మా అత్తగారు మంచినీళ్ళు తాగి, ఓనరు నిజంగా ఖాళీ చేయిస్తే ఆ జోళ్ళన్నీ ఎక్కడ పెట్టుకుంటావురా అని అడిగారు.

దానికి జవాబు నేను చెప్పాను. మన ముందు గది ఇస్తానన్నాను. అత్తగారి టీవీ లోపలికి వస్తుంది, సోఫా ఎవరికైనా ఇచ్చేద్దాం, చార్టు కిటికీ ఎదుటి గోడకు సరిపోతుంది. గది కొలతలు అప్పటికే తీసిపెట్టుకున్నానని మాత్రం చెప్పలేదు.

ఏజెంటు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇల్లైనా సరే, నలుగురు వచ్చిపోయే చోటన్నాక పాలసీ ఉండాలి అక్కా అని మా తమ్ముడు నసిగాడు. నాకేం అభ్యంతరం లేదన్నాను. మంచి పాలసీ చూడమన్నాను. కాకపోతే ఇంటి ఓనరుగా నాదీ ఒక షరతుంది, అది అన్నింటికంటే పైన రాయాలన్నాను.

"ఏం షరతు?" అన్నాడు.

"నా గుమ్మంలో ఎవరైనా పడితే ముందు లేపాలి. తప్పెవరిదన్నది తర్వాత."